మిస్సమ్మ హాస్యము – ఒక విద్యార్థిని ప్రశ్న

నాటక లక్షణములను బోధించునపుడు విదూషకుని గురించియు, ప్రహసనమును గురించియు నాలుగు మాటలు చెప్పి ఊరకుండిన చాలదు. హాస్యమెట్లు పుట్టునో, పుట్టి మనసునెట్లు వశపరచుకొనునో ఒక ఉదాహరణము మీద చూపిననే గాని విద్యార్థులకు పట్టుబడదు. ఈ ఉద్దేశముతో గత సంవత్సరము డిగ్రీ చివరి తరగతి వారికి మేము రెండు చలనచిత్రములు చూపితిమి. ఒకటి 2001లో వచ్చిన ఫ్రెంచి చిత్రము ‘అమేలీ’. రెండవది 1955 జనవరి 12న విడుదలైన మన ‘మిస్సమ్మ’. మొదటిది చూచి విద్యార్థులు అబ్బురపడినారు. రెండవది చూచి కడుపుబ్బ నవ్వినారు. నవ్వులు సద్దుమణిగిన పిమ్మట వెనుక వరుసలోని ఒక విద్యార్థిని లేచి, “సార్, ఆ పుట్టుమచ్చ లేకుంటే వాళ్ళ పెళ్ళి అయ్యేదా?” అని అడిగినది. తరగతి నిశ్శబ్దమైనది. అంతలో గంట కొట్టినందున ఆనాటికి మేము తప్పించుకొంటిమి. ఈ వ్యాసము ఆ ప్రశ్నకు ఆలస్యముగా ఇచ్చుచున్న సమాధానము.

అమేలీ ఆకర్షణ

ముందుగా దూరపు చిత్రమును చూతము. దానిని చూచిన తరువాత దగ్గరిది మరింత స్పష్టముగా కనిపించును.

జాన్ పియేర్ జునే దర్శకత్వము వహించిన ఈ చిత్రములో ఆద్రే తోతూ కథానాయిక. పారిస్ నగరములోని మోంమార్త్రు ప్రాంతమున ఒక కాఫీ హోటలులో వడ్డన చేయు ఒంటరి యువతి అమేలీ. 1997లో ఒకనాటి రాత్రి ఆమె స్నానపు గదిలో ఒక గచ్చుపలక ఊడి, దాని వెనుక ఎన్నడో ఒక బాలుడు దాచిన రేకు డబ్బా బయటపడును. అందులో ఆ బాలుని ఆటవస్తువులున్నవి. నేడు నడివయస్సువాడైన ఆ మనిషిని వెదకి, తానెవరో తెలియనీయక ఆ డబ్బాను అతనికి చేర్చును. అతని కన్నీరు చూచిన క్షణము నుండి పరులకు రహస్యముగా మేలు చేయుటయే ఆమె పనియగును. ఇల్లు కదలని తండ్రిచేత ప్రయాణము చేయింపవలెనని అతని తోటలోని మట్టిబొమ్మను విమానములో పనిచేయు స్నేహితురాలి ద్వారా దేశదేశములు త్రిప్పి ఫొటోలు పంపించును. భర్త తన్ను మరచెనని కుమిలిపోవు వృద్ధురాలికి ఆ చనిపోయిన భర్త వ్రాసినట్లే ఒక ప్రేమలేఖను కల్పించి చేర్చును. ఇతరుల విషయములో ఇంత సాహసము గల ఆ పిల్ల, తాను వలచిన యువకుని ఎదుట నిలిచి మాటలాడలేదు.

ఈ కథలో గొప్ప సంఘటన యేదియు లేదు. అయినను లోకమంతయు దీనిని ఆదరించినది. కారణమేమి? ఇందులోని అబద్ధములన్నియు దయనుండి పుట్టినవి. లోకము ఉన్నట్లుగాక, ఒక మంచి మనసు తలచుకొనిన ఎట్లుండునో అట్లు చూపుటయే ఇట్టి చిలిపి హాస్యము యొక్క ధర్మము. ప్రేక్షకుడు అది నిజము కాదని ఎరుగును. నిజమైన బాగుండునని కోరుకొనును. ఈ రెంటి నడుమనే నవ్వు పుట్టుచున్నది.

కడప గడ్డ నుండి విజయా సంస్థకు

ఇట్టి హాస్యమునకు మనవారు ఫ్రెంచివారి వద్ద అప్పు చేయనక్కరలేదు. ‘మిస్సమ్మ’ను నిర్మించిన విజయా సంస్థ భాగస్వాములలో ఒకరైన బి. నాగిరెడ్డి కడప జిల్లాలో పుట్టినవారు. ఆయన అన్న, ‘మల్లీశ్వరి’ దర్శకుడు బి.ఎన్. రెడ్డికి 1974 సంవత్సరమునకును, నాగిరెడ్డికి 1986 సంవత్సరమునకును దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారము లభించినది. వాన కొరకు ఆకాశము వైపు చూచు పల్లెలలో పుట్టిన అన్నదమ్ములిద్దరు తెలుగు తెరకు ఇంత వెన్నెలను ఇచ్చినారనుట మన సీమవారు గర్వింపదగిన మాట.

రెండవ భాగస్వామి చక్రపాణి తెనాలివారు. అయినను ఆయన కథలో మన సీమకును పాలున్నది. యౌవనమున క్షయవ్యాధికి గురియై ఆయన మదనపల్లె సమీపమునగల ఆరోగ్యవరములో, క్రైస్తవ మిషన్‌లవారు స్థాపించిన చికిత్సాలయమున చేరినారు. ఆ మంచము మీదనే బెంగాలీ భాష నేర్చినారు. ఆ భాషాజ్ఞానమే శరచ్చంద్రుని నవలలను తెలుగువారికి చేర్చినది. ఆ మీదట రవీంద్రనాథ్ మైత్ర వ్రాసిన ‘మన్మయీ గర్ల్స్ స్కూల్’ను, శరదిందు బందోపాధ్యాయ వ్రాసిన ఒక అపరాధ పరిశోధన కథను కలిపి ‘మిస్సమ్మ’గా మలచినది. 1947లో ‘చందమామ’ పత్రికను ప్రారంభించినవారు కూడ ఈ నాగిరెడ్డి, చక్రపాణులే. పిల్లల పత్రికలోని ఆ స్వచ్ఛమైన చిలిపితనమే పెద్దల చిత్రములో కనబడుట యాదృచ్ఛికము కాదు.

‘మిస్సమ్మ’ అను పేరు కూడ మన ప్రాంతమువారికి పరిచితమే. మిషన్ బడిలో పాఠము చెప్పు స్త్రీని, మిషన్ ఆసుపత్రిలో నర్సును మన పల్లెలవారు ‘మిస్సమ్మ’ అనియే పిలిచెడివారు. పరాయి మాటకు ‘అమ్మ’ను చేర్చి తమ దానినిగా చేసికొనిన పిలుపు అది. అందులో కొంత వింతయు, కొంత గౌరవమును కలవు.

కథాసంగ్రహము

మద్రాసులో ఇద్దరు పట్టభద్రులు ఉద్యోగము లేక తిరుగుచున్నారు. ఒకడు ఎం.టి. రావు (ఎన్.టి. రామారావు), రెండవది మేరీ (సావిత్రి). మేరీ క్రైస్తవ కుటుంబమున పెరిగినది. డేవిడ్ (రమణారెడ్డి) అప్పు తీర్చనిచో అతనిని పెండ్లాడక తప్పని స్థితి ఆమెది. అప్పాపురము జమీందారు గోపాలము (ఎస్.వి. రంగారావు) తన పాఠశాలకు ఉపాధ్యాయులు కావలెనని ప్రకటించినాడు. షరతు ఒక్కటే: వారు భార్యాభర్తలు కావలెను. పొట్టకూటి కొరకు ఇద్దరును దంపతులుగా నటించుటకు ఒప్పుకొని బయలుదేరినారు. జమీందారు పెద్దకూతురు మహాలక్ష్మి పసితనమున తప్పిపోయినది. ఆమెను వెదకుటకు మేనల్లుడు రాజు (అక్కినేని నాగేశ్వరరావు) డిటెక్టివు వేషము కట్టినాడు. కాలిమీది పుట్టుమచ్చ ఆధారముగా ఆ మహాలక్ష్మియే మేరీ అని తుదకు తేలును. రావుకు మేరీ, రాజుకు జమీందారు చిన్నకూతురు సీత (జమున) దక్కుదురు.

ఎల్.వి. ప్రసాదు దర్శకత్వము, పింగళి నాగేంద్రరావు పాటలు, సాలూరి రాజేశ్వరరావు సంగీతము, మార్కస్ బార్ట్లే ఛాయాగ్రహణము – వీనిని గురించి వేరుగ చెప్పనక్కరలేదు.

ప్రకటనలోని ఆ షరతును మాత్రము మా విద్యార్థులు ఒక్కసారి ఆగి చూడవలెను. చదువున్నది, యోగ్యత ఉన్నది, పని చేయవలెనను కోరిక ఉన్నది. అడ్డము వచ్చినది ఒక్క షరతు. ఆ సంవత్సరమున మన కర్నూలు ఆంధ్ర రాష్ట్రమునకు రాజధాని. అక్కడి కచేరీలలో కొలువు దొరకునాయని ఆశించిన పట్టభద్రులకు ఈ కథ తమ కథగా తోచియుండును. నేడు దినపత్రికలలో ప్రకటనలకు గీతలు గీచుకొను మా విద్యార్థులకును అది పాత కథ కాదు. నవ్వు క్రింద ఆకలి యున్నది గనుకనే ఆ నవ్వు తేలిపోలేదు.

హాస్యము ఎక్కడ ఉన్నది?

భరతముని నాట్యశాస్త్రములో శృంగారము నుండి హాస్యము పుట్టునని చెప్పినాడు. అంతటితో ఆగక, శృంగారమును అనుకరించుటయే హాస్యమనియు అన్నాడు. ఈ సూత్రమునకు ‘మిస్సమ్మ’ కంటె చక్కని ఉదాహరణము మాకు కనబడలేదు. రావు, మేరీ చేయుచున్నది దాంపత్యము యొక్క అనుకరణము. లోకము ఎదుట అన్యోన్య దంపతులు. తలుపు మూసిన తరువాత కలహించు అపరిచితులు. రావు ప్రతి సందర్భమునకు ఒక సర్దుబాటు మాట సిద్ధము చేయును; మేరీ ప్రతి మాటకు మండిపడును. జమీందారు దంపతులు ఎంత ప్రేమ చూపిన, ఈమెకు అంత ఊపిరాడకుండును. సీమంతము వేడుక దాకా వచ్చినపుడు ఆ అబద్ధము భారము పతాకస్థాయికి చేరును.

ఇచ్చట ఒక విషయము గమనింపవలెను. మేరీ కోపము హాస్యమునకు సాధనమేగాని, హాస్యమునకు గురియైనది మేరీ మతము కాదు. తన ఆచారము కాని బొట్టు, పూలు, పూజలు తనమీదకు వచ్చుచున్నపుడు ఆమె ముడుచుకొనుట సహజమని చిత్రము అంగీకరించినది. సావిత్రి ఆ పాత్రకు ఇచ్చిన గాంభీర్యము వలన మనము ఆమె చిరాకును చూచి నవ్వుదుమేగాని ఆమెను చూచి నవ్వము. ఈ భేదము సూక్ష్మము. హాస్యరచన చేయదలచిన విద్యార్థులు దీనిని పుస్తకములో వ్రాసికొనవలెను.

క్రమముగా అనుకరణము నిజమగును. రావు సీతకు సంగీతము నేర్పుట చూచి మేరీకి అసూయ కలుగును. నటించు భార్యకు అసూయ ఏల? అచ్చటనే అనుకరణము ముగిసినది. హాస్యము తాను పుట్టిన శృంగారములోనికే మరలినది.

అభిజ్ఞానము

తప్పిపోయిన మనిషిని ఒక గుర్తు పట్టించుట ప్రాచీనమైన పద్ధతి. శకుంతలకు ఉంగరము, మేరీకి పుట్టుమచ్చ. కథను ముడివిప్పుటకు ఇంతకంటె సులభమైన మార్గము లేదు. ఆ సులభత్వములోనే చిక్కున్నది. భిన్న మతములవారి ప్రేమగా మొదలైనది, పుట్టుమచ్చ కనబడగానే ఒకే మతమువారి వివాహమైనది. సమస్య పరిష్కారము కాలేదు, మాయమైనది.

‘అమేలీ’పై కూడ ఇట్టి విమర్శయే వచ్చినది. వివిధ జాతులవారు నివసించు ప్రాంతమును ఆ చిత్రము ఒకే వన్నెగా శుభ్రపరచి చూపినదని సెర్జ్ కగాన్‌స్కీ అను ఫ్రెంచి విమర్శకుడు 2001లోనే ఆక్షేపించినాడు. మొరాకో సంతతికి చెందిన నటుడు జమేల్ దెబ్బూజ్ అందులో కూరగాయల అంగడి సహాయకుడుగా నటించినాడు. ఆ పాత్ర పేరు మాత్రము అచ్చ ఫ్రెంచి పేరైన లూసియాఁ. ఇచ్చట మేరీ మహాలక్ష్మి యైనట్లే. నవ్వించు లోకము అందరిని ప్రేమించును. కాని కొందరిని పేరు మార్చి లోనికి పిలుచును.

మా చిన్నతనమున మా నానీ ఇంట ఈ చిత్రమును టెలివిజనులో చూచిన జ్ఞాపకము మాకున్నది. ఉర్దూ తప్ప మరొక భాష చదువనెరుగని ఆమెకు తెలుగు మాట బాగుగనే అర్థమగును. పుట్టుమచ్చ బయటపడినపుడు మేమందరము “బచ్చీ మిల్ గయీ!” అని చప్పట్లు కొట్టితిమి. బిడ్డ దొరికినది గదా! నానీ మాత్రము చప్పట్లు కొట్టలేదు. “పాల్‌నేవాలీ మా కా క్యా?” అన్నది. పెంచిన తల్లి మాటేమి, అని. ఆనాడు మాకది అసందర్భముగా తోచినది. ఇన్నేండ్లకు మా విద్యార్థిని వేసిన ప్రశ్న విన్న పిదప, ఇద్దరు అడిగినదియు ఒక్కటేయని తెలిసినది. మేరీని మేరీగా చేసిన వారికి ఆ ముగింపులో చోటెక్కడ?

ప్రశ్నకు సమాధానము

పుట్టుమచ్చ లేకున్న పెళ్ళి అయ్యెడిదా? చట్టము అవునని చెప్పును. ఎవరి మతమును వారు విడువకయే వివాహాధికారి ఎదుట పెండ్లాడుటకు వీలు కల్పించిన ప్రత్యేక వివాహ చట్టము 1954లో పార్లమెంటు ఆమోదము పొంది, 1955 జనవరి 1న అమలులోనికి వచ్చినది. పదునొకండు దినముల తరువాత ‘మిస్సమ్మ’ విడుదలైనది. చట్టము తెరచిన తలుపు చెంతనే చిత్రము వేరొక తలుపు వెదకికొనినది. అట్లని నిర్మాతలను నిందింపము. శాసనము ఒక దినమున అమలులోనికి వచ్చును. మనసులు అట్లు రావు. యువతీయువకులు ఏమి చేయవలెనో చెప్పుట ఈ వ్యాసము పని కాదు. అది ఇండ్లలో పెద్దలతో ఆలోచింపవలసిన విషయము. కళను ఎట్లు చదువవలెనో చెప్పుటయే మా పని.

అట్లు చదివినపుడు చిత్రములోనే మరియొక సమాధానము దొరకుచున్నది. పుట్టుమచ్చ కనబడుటకు ముందే మేరీ మనసు కరగినది. ప్రేక్షకులును అంతకుముందే వారిద్దరికి మనసులో ముడివేసినారు. 1955లో హాలులో కూర్చున్నవారు, తమ కూతురు పెండ్లి విషయములో ఏమనియుందురో గాని, ఆ చీకటిలో రెండు గంటలకు పైగా మేరీ మేరీగానే రావుకు దక్కవలెనని కోరుకొన్నారు. పుట్టుమచ్చ వారి భయమునకు ఇచ్చిన ఊరట. వారి కోరిక అంతకుముందే పుట్టినది. చిత్రమునకు పెట్టిన పేరు కూడ ‘మహాలక్ష్మి’ కాదు, ‘మిస్సమ్మ’యే. నేటికిని జనము ఆమెను ఆ పేరుతోనే తలచుచున్నారు. కథ పేరు మార్చినది, జనము మార్చలేదు.

కావున విద్యార్థులకు మేము చెప్పునది ఇది. నవ్వు వచ్చినపుడు నిండుగా నవ్వుడు. నవ్వుటకు సిగ్గుపడు చదువు చదువు కాదు. నవ్విన తరువాత, ఈ సుఖాంతమునకు ఎవరు ఏమి వదలుకొనిరని ఒక్కమారు అడుగుడు. అడిగినందువలన మంచి చిత్రము చెడిపోదు. ‘మిస్సమ్మ’ను ఈ వ్యాసము కొరకు మరల చూచితిమి, మునుపటి కంటె ఎక్కువగనే నవ్వితిమి.

ఆ విద్యార్థిని ప్రస్తుతము బి.ఇడి. చదువుచున్నది. రేపు ఆమెయు ఒక బడిలో పాఠము చెప్పును. ఆమె తరగతిలో వెనుక వరుస నుండి లేచిన పిల్లకు, గంట కొట్టకముందే సమాధానము దొరకవలెనని మా ఆకాంక్ష.