లక్ష్యమే ఆయువు

మనుష్యునకు వయస్సు తనంతట పెరుగును, వ్యక్తిత్వమట్లు పెరుగదు. దానికొక లక్ష్యము కావలెను. ఇందుకు శ్రీ గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారి (1863–1940) జీవితము నిదర్శనము.

నేడు ఒడిశాలోనున్న పర్లాకిమిడిలో వారు ఉపాధ్యాయులు. సమీపపు కొండలలోని సవరల బిడ్డలకు తమ భాషలో చదువు లేదు. పంతులుగారు ఆ భాష నేర్చి, వాచకములు వ్రాసి, సొంత సొమ్ముతో బడులు పెట్టిరి. మన్యపు జ్వరమునకు వాడిన క్వినైను వలన చెవుడు వచ్చెను. భాషను వినవలసిన చెవులే పోయినను పని మానలేదు. సవర వ్యాకరణము 1931లోను, నిఘంటువు 1938లోను వెలువడెను. అప్పటికి వారికి సుమారు 75 ఏండ్లు.

పరులకొరకు నేర్చిన విద్యయే నేర్చినవానిని పెంచును. అట్టి పనికి దినమున కొక్క గడియ కేటాయించుట చదువరులకు అసాధ్యము కాదు.