టామ్‌క్యాట్ సర్వరు: గంట వినువారును, పుస్తకముల బీరువాలును

బాలబాలికలారా, గడచిన వార్షిక పరీక్షల ఫలితములను ప్రకటింపవలసిన నాటి యుదయమున మన మార్కుల సర్వరు గంటన్నర సేపు పని ప్రారంభింపకుండెను. తల్లిదండ్రులు వరండాలో వేచియుండిరి. తప్పు నాదియే. ఒక చిన్న ఫైలును ఉంచరాని చోట ఉంచితిని. అందువలన నేను నేర్చికొనిన పాఠమును మీకు చెప్పబూనితిని.

జావా యను కంప్యూటరు భాషను సన్ మైక్రోసిస్టమ్స్ అను అమెరికా సంస్థ 1995వ సంవత్సరమున లోకమునకు వెల్లడించెను. ఆ భాషలో వ్రాయబడిన వెబ్ అప్లికేషనులను నడుపు సర్వరులలో టామ్‌క్యాట్ ఒకటి. జేమ్స్ డంకన్ డేవిడ్సన్ అనునతడు సన్ సంస్థయందు దీనిని ప్రారంభించెను. 1999లో ఇది అపాచీ సంస్థకు దానముగా ఈయబడెను. దీనిని ఎవరైనను వెల లేకుండ వాడుకొనవచ్చును.

సర్వరు లేచుటకు, నిలుచుటకు నడుమ గల దశలనే లైఫ్‌సైకిల్, అనగా జీవనక్రమము, అందురు. లేచునప్పుడు ఇనిట్, స్టార్ట్ అను దశలును, నిలుచునప్పుడు స్టాప్, డెస్ట్రాయ్ అను దశలును వరుసగా వచ్చును. ప్రతి దశకు ముందును వెనుకను, మన బడిగంటవలె, ఒక సంకేతము వెలువడును. గంట విని తలుపులు తెఱచు కావలివానివంటిదే లిసనరు. దానిని వ్రాయగోరువారు లైఫ్‌సైకిల్ లిసనర్ అను ఇంటర్‌ఫేసును అనుసరించి, లైఫ్‌సైకిల్ ఈవెంట్ అను ఒక్క మెథడును వ్రాసిన చాలును. పిమ్మట కాన్ఫ్ అను ఫోల్డరులోని సర్వర్.ఎక్స్ఎంఎల్ ఫైలునందు, సర్వర్ అను ట్యాగు లోపల, లిసనర్ అను ట్యాగు నుంచి, క్లాస్‌నేమ్ అనుచోట ఆ క్లాసు పూర్తి పేరు వ్రాయవలెను. ఇంజిన్, హోస్ట్ అను ట్యాగుల లోపల నుంచినచో అది వాని గంటలను మాత్రమే వినును. టామ్‌క్యాట్‌తో వచ్చు వెర్షన్ లాగర్ లిసనర్ అనునది సర్వరు లేచునప్పుడు తన వెర్షనును, జావా వెర్షనును లాగు ఫైలులో వ్రాయును.

ఇచ్చట క్లాసనగా మీరు కూర్చుండు తరగతి కాదు. ప్రోగ్రామునకు క్లాసులు ఇంటికి ఇటుకలవంటివి. పేరు చెప్పగానే క్లాసును వెదకి తెచ్చునది క్లాసు లోడరు. టామ్‌క్యాట్‌నందు ముఖ్యముగా నాలుగు విధములగు లోడరు లుండవచ్చును. కామన్ అనునది అందఱకును తెఱచియున్న గ్రంథాలయము. సర్వర్ అనునది ఉపాధ్యాయుల గదిలోని బీరువా. షేర్డ్ అనునది విద్యార్థుల పఠనశాలలోని బీరువా. వెబ్‌యాప్ అనునది ఒక్కొక్క విద్యార్థి సొంత ట్రంకుపెట్టె.

వీని చిరునామాలు కెటలీనా.ప్రాపర్టీస్ అను ఫైలులో నుండును. మొదట సర్వర్ లోడరుకు, షేర్డ్ లోడరుకు ఎదురుగా ఏమియు వ్రాయబడి యుండదు. అప్పుడు రెండును కామన్‌తో ఏకమై, లిబ్ అను ఫోల్డరే ఉమ్మడి స్థలమగును. షేర్డ్ లోడరుకు ఎదురుగా ఒక ఫోల్డరు చిరునామా వ్రాసితిమా, అందలి క్లాసులు అప్లికేషనులన్నిటికిని కనబడును గాని సర్వరు లోపలి భాగములకు కనబడవు.

నేను తప్పిన దిచ్చటనే. మార్కుల అప్లికేషనును, గ్రంథాలయ అప్లికేషనును ఒకే జార్ ఫైలును వాడుచుండుట చూచి దానిని షేర్డ్ ఫోల్డరున చేర్చితిని. అంతవఱకు బాగుగనే యున్నది. నేను వ్రాసిన లిసనరును గూడ దాని ప్రక్కనే యుంచితిని. సర్వర్.ఎక్స్ఎంఎల్‌లోని పేరును చదివి వెదకునది ఉపాధ్యాయుల పక్షపు లోడరు. దానికి పఠనశాల బీరువా కనబడదు. కావున "క్లాస్ నాట్ ఫౌండ్" అను దోషము లాగు ఫైలులో వ్రాయబడి, సర్వరు లేవక నిలిచిపోయెను. ఆ లిసనరు జారును లిబ్ ఫోల్డరునకు మార్చి మరల నడిపినంతనే ఫలితములు వెలువడినవి.

మఱి రెండు సంగతులు గమనింపుడు. సాధారణముగా జావా లోడరు మొదట తన తల్లి లోడరును అడుగును. వెబ్‌యాప్ లోడరు మాత్రము, జావా మూలక్లాసులు మొదలగు కొన్నిటిని విడిచి, ముందుగా తన పెట్టెనే వెదకును. అందుచేత పెట్టెలో పాత ప్రతి యుండినచో షేర్డ్‌లోని క్రొత్త ప్రతి వాడబడదు. ఇది మొదటిది. ఒకే పేరు గల క్లాసును ఇద్దఱు లోడరులు తెచ్చినచో జావా వానిని రెండు వేర్వేఱు క్లాసులుగా నెంచును. ఇది రెండవది. కావున ఉమ్మడి జారును షేర్డ్‌లో నుంచిన పిదప, అప్లికేషనుల పెట్టెలలోని ప్రతులను తీసివేయవలెను.

ఫైలును ఎచ్చట నుంచవలెనను సందేహము కలిగినప్పుడు, దానిని పిలుచువా రెవరో ముందు తెలిసికొనుడు. నే నాప్రశ్నను ముందే వేసికొనియుండినచో వరండాలో నెవరును నిలువవలసి యుండెడిది కాదు.

అభ్యాసము: (1) హోస్ట్ లోపల నుంచిన లిసనరు ఏ గంటలను వినును? (2) షేర్డ్ లోడరుకు ఎదురుగా ఏమియు లేనిచో ఉమ్మడి క్లాసులను ఎచ్చట నుంచవలెను?