పింఛనా, పెట్టుబడి నిధియా? విశ్వవిద్యాలయ ఉద్యోగి ముందున్న ఎంపిక

తపతీ నదీతీరాన వెలసిన సూరత్ నగరం వస్త్ర పరిశ్రమకు, వజ్రాల సానకు ప్రసిద్ధి చెందినది. తెలంగాణ నుండి వలస వచ్చిన పద్మశాలీ కుటుంబాలు అనేకం ఇచ్చటి మరమగ్గాలపై జీవనం సాగించుచున్నవి. ఈ వాణిజ్య నగరం ఒక విద్యాకేంద్రం కూడ. 1961లో ప్రాంతీయ ఇంజనీరింగు కళాశాలగా ప్రారంభమైన సంస్థ నేడు సర్దార్ వల్లభభాయి జాతీయ సాంకేతిక సంస్థగా వర్ధిల్లుచున్నది. 1965లో స్థాపితమైన దక్షిణ గుజరాత్ విశ్వవిద్యాలయం 2004లో కవి వీర్ నర్మద్ పేరును స్వీకరించినది. మొదటిది కేంద్ర సంస్థ. రెండవది రాష్ట్ర విశ్వవిద్యాలయం. ఈ రెండింటిలోను వార్ధక్య భద్రతను గూర్చిన ప్రశ్న ఒక్కటే: ఉద్యోగ విరమణ తరువాత నెలనెలా నిశ్చితమైన పింఛను మేలా, లేక ఉద్యోగకాలంలో పెట్టుబడి ద్వారా పెరిగిన నిధి మేలా?

రెండు విధానాల స్వరూపం

పాత పింఛను విధానంలో ఉద్యోగి చందా చెల్లించనక్కరలేదు. చివరి మూలవేతనంలో సుమారు సగం పింఛనుగా, దానిపై కరవు ఉపశమనం, మరణానంతరం కుటుంబ పింఛను లభించును. నష్టభయం ప్రభుత్వానిది. కేంద్రంలో 2004 జనవరి 1 నుండి, గుజరాత్ రాష్ట్ర సర్వీసులలో 2005 ఏప్రిల్ 1 నుండి కొత్తగా చేరినవారికి ఈ విధానం స్థానంలో చందాతో కూడిన విధానం వచ్చినది. అదియే జాతీయ పింఛను వ్యవస్థ.

ఇందులో ఉద్యోగి మూలవేతనం, కరవు భత్యం కలిపిన మొత్తంలో 10 శాతం చెల్లించును. కేంద్ర ప్రభుత్వపు వాటా మొదట 10 శాతం. 2019 ఏప్రిల్ 1 నుండి 14 శాతం. ఈ సొమ్ము ప్రభుత్వ రుణపత్రాలలోను, కంపెనీల రుణపత్రాలలోను, వాటాలలోను పెట్టుబడి అగును. విరమణ నాడు నిధిలో 60 శాతం వరకు ఒకేసారి తీసికొనవచ్చును. కనీసం 40 శాతంతో జీవిత వార్షికం కొనవలెను. ఇక్కడ నష్టభయం ఉద్యోగిదే. నిధి పెరిగినచో లాభమును అతనిదే.

1987 నేర్పిన పాఠం

ఈ ఎంపిక కొత్తది కాదు. 2004కు పూర్వం కూడ అనేక విద్యాసంస్థలలో కొందరు పింఛను విధానంలోను, కొందరు చందా భవిష్య నిధి విధానంలోను ఉండిరి. రెండవవారికి విరమణ నాడు పెద్ద మొత్తం చేతికి వచ్చును. అటుపిమ్మట నెలసరి పింఛను ఉండదు. నాల్గవ వేతన సంఘం సిఫారసును అనుసరించి 1987 మే 1న కేంద్ర ప్రభుత్వం ఒక ఉత్తర్వు జారీ చేసినది. 1986 జనవరి 1 నాటికి సర్వీసులో ఉన్న భవిష్య నిధి చందాదారులు 1987 సెప్టెంబరు 30లోగా వేరుగా కోరనిచో పింఛను విధానంలోనికి మారినట్లే భావింపబడుదురని దాని సారాంశం.

కొందరు బుద్ధిపూర్వకంగానే భవిష్య నిధిని కోరుకొనిరి. ఆనాడు వారి లెక్క అసంగతం కాదు. ప్రభుత్వ సాధారణ భవిష్య నిధిపై వడ్డీయే 12 శాతం. పెద్ద మొత్తం చేతిలో ఉన్నచో వడ్డీతోనే జీవితం గడచునని వారు భావించిరి. కాని 2003-04 నాటికి ఆ వడ్డీ 8 శాతానికి దిగినది. 5 లక్షల రూపాయలపై 12 శాతం చొప్పున ఏటా 60,000 రూపాయలు రాగా, 8 శాతం చొప్పున వచ్చునది 40,000 మాత్రమే. అదే కాలంలో ధరలు పెరిగినవి; వేతన సంఘాల సిఫారసులతో పింఛనులును పెరిగినవి. భవిష్య నిధి తీసికొన్నవారికి ఆ పెరుగుదల అందలేదు.

పింఛను దయాధర్మం కాదని, అది హక్కు అని సుప్రీంకోర్టు 1982 డిసెంబరు 17న నకారా కేసులో ప్రకటించినది. అయినను 1990లో కృష్ణకుమార్ కేసులో, పింఛనుదారులు, భవిష్య నిధి పొందినవారు వేర్వేరు వర్గములని అదే న్యాయస్థానం నిర్ణయించినది. ఒక్క సంతకం ముప్పది ఏండ్ల జీవితాన్ని శాసించగలదనుటకు ఇంతకన్న నిదర్శనం అక్కరలేదు.

నేటి లెక్క

కేంద్ర ప్రభుత్వోద్యోగుల కొరకు 2025 ఏప్రిల్ 1 నుండి ఏకీకృత పింఛను పథకం అమలులోనికి వచ్చినది. 25 ఏండ్ల సర్వీసు గలవారికి చివరి 12 నెలల సగటు మూలవేతనంలో 50 శాతం హామీగా లభించును. తక్కువ సర్వీసుకు ఆ దామాషాలో తగ్గును. పదేండ్ల సర్వీసు ఉన్నచో కనీసం 10,000 రూపాయలు. జీవిత భాగస్వామికి అందులో 60 శాతం. కరవు ఉపశమనం అదనం. స్వయంప్రతిపత్తి గల సంస్థల ఉద్యోగులు తమకు ఏ నియమం వర్తించునో తమ సంస్థ ఉత్తర్వుల ద్వారానే నిర్ధారించుకొనవలెను.

ఒక ఉదాహరణ చూడవచ్చును. సగటు మూలవేతనం 80,000 రూపాయలైనచో, 25 ఏండ్ల సర్వీసుకు హామీ 40,000. 15 ఏండ్లకు 24,000 మాత్రమే. మరొకని పెట్టుబడి నిధి కోటి రూపాయలకు చేరినదనుకొందము. 40 లక్షలతో 6 శాతం చొప్పున వార్షికం కొన్నచో నెలకు 20,000 వచ్చును. 60 లక్షలు చేతిలో నిలుచును. కాని ధరలు ఏటా 6 శాతం చొప్పున పెరిగినచో, 12 ఏండ్లకు ఆ 20,000 కొనగలిగిన సరుకు సగానికి తగ్గును. అట్లని హామీ పథకమే సర్వోత్తమం అనరాదు. అందులో వ్యక్తిగత నిధి ఉమ్మడి నిధిలో కలియును. వారసులకు ఆస్తిగా మిగలదు.

ఎవరికి ఏది?

ఆలస్యంగా ఉద్యోగంలో చేరినవారు, సంస్థలు మారువారు సర్వీసు కాలాన్ని ముందుగా లెక్కించుకొనవలెను. వరంగల్లులో చదివి సూరత్‌లో బోధించి, పిదప వేరొక రాష్ట్రానికి పోవు అధ్యాపకునికి వెంట వచ్చు నిధి అనుకూలం. అమెరికాలో 1918లో కళాశాల అధ్యాపకుల కొరకు స్థాపితమైన టి.ఐ.ఎ.ఎ. సంస్థకు ఆధారం ఈ అవసరమే. అచ్చట నేటికిని పలు రాష్ట్ర విశ్వవిద్యాలయాలలో కొత్త ఉద్యోగులు రాష్ట్ర పింఛను, పెట్టుబడి పథకాలలో ఒకదానిని ఎన్నుకొందురు. మన దేశంలో పాత పింఛను గలవారు సంస్థ మారునపుడు అనుమతితో దరఖాస్తు చేసి, సాంకేతిక రాజీనామా సమర్పించనిచో పూర్వ సర్వీసు లెక్కకు రాకపోవచ్చును.

దీర్ఘకాలం ఒకే సర్వీసులో ఉండి, ఇతర ఆస్తులు లేక, భార్య లేదా భర్త పూర్తిగా ఆ ఆదాయంపైననే ఆధారపడినచో నిశ్చితమైన పింఛను వైపు మొగ్గుట వివేకం. సొంత ఇల్లు, వేరొక ఆదాయం ఉండి మార్కెట్టు ఒడిదుడుకులను ఓర్వగలవారికి పెట్టుబడి నిధి తగును. ఏది కోరినను చందాలు నెలనెలా ఖాతాలో జమ అగుచున్నవో లేదో చూచుట, వారసుని నామాంకనం సరిచూచుట, ఐచ్ఛిక పత్రం నకలును, కార్యాలయపు రసీదును భద్రపరచుట తప్పనిసరి. ఐచ్ఛికం కోరు గడువు స్వల్పం. దాని ఫలితం మాత్రం జీవితాంతం అనుభవింపవలసినది. అందుచేత ఆ కాగితంపై సంతకానికి ముందు కుటుంబ సభ్యులతో కూర్చుండి లెక్క వేసికొనుట ప్రతి ఉద్యోగికి శ్రేయస్కరం.