నది మారింది, తెడ్డు పట్టడం మళ్ళీ నేర్చుకున్నాం

బదిలీ ఉత్తర్వు వచ్చిందంటే మన ఇళ్ళలో ముందుగా సర్దేవి పుస్తకాలు, చివరగా సర్దేవి వంటపాత్రలు. స్నేహితులను మాత్రం ఏ పెట్టెలోనూ సర్దలేం. మేము అక్కాతమ్ముళ్ళం. కేరళలోని అలప్పుళ నుంచి కర్ణాటకలోని హోస్పేటకు వచ్చినప్పుడు మాకు అదే బెంగ. రెండు చోట్లా నీళ్ళున్నాయి, పడవలున్నాయి. ఆ పడవలు మాకు నేర్పిన పాఠాన్ని మీతో పంచుకుంటున్నాం.

పొడవైన పడవ

అలప్పుళ పక్కనే కుట్టనాడు. పంపా నది, మరికొన్ని నదులు వెంబనాడు సరస్సులో కలిసే పల్లపు ప్రాంతం అది. అక్కడ చాలా పొలాలు సముద్రమట్టం కంటే దిగువన ఉంటాయి. మన ఊళ్ళలో వీధులున్నట్లు అక్కడ కాలువలుంటాయి. పడవను ‘వళ్ళం’ అంటారు. ఆదివారాల్లో పక్కింటి వాళ్ళతో కలిసి చిన్న వళ్ళంలో వెళ్ళేవాళ్ళం. తెడ్డు వేయడం వాళ్ళ అబ్బాయే మాకు నేర్పాడు.

తెడ్డుతో నీటిని వెనక్కి నెడితే పడవ ముందుకు వెళుతుంది. చర్యకు సమానమైన ప్రతిచర్య ఉంటుందన్న న్యూటన్ మూడవ సూత్రం ఇదే. కుడివైపు వేస్తే పడవ ముక్కు ఎడమకు తిరుగుతుంది, ఎడమవైపు వేస్తే కుడికి తిరుగుతుంది. ముందు కూర్చున్నవారు లయ చూపిస్తారు, వెనక కూర్చున్నవారు దారి చూసుకుంటారు. మొదటి రోజు మేమిద్దరం ఎవరికి తోచినట్లు వాళ్ళం తెడ్డు వేసి, మూడుసార్లు గట్టును గుద్దుకున్నాం. “ఒకటి, రెండు” అని కలిసి లెక్కపెట్టడం మొదలుపెట్టాకే పడవ తిన్నగా సాగింది.

పున్నమడ సరస్సులో జరిగే నెహ్రూ ట్రోఫీ పందెంలోనూ ఇదే సూత్రం. 1952లో నెహ్రూగారు అక్కడి పడవ పందేన్ని చూసి బహూకరించిన ట్రోఫీ అది. వంద అడుగులు దాటిన చుండన్ వళ్ళంలో సుమారు వందమంది ఒకే పాటకు ఒకేసారి తెడ్డు వేస్తారు.

గుండ్రని పుట్టి

హోస్పేట దగ్గరే హంపి, పక్కనే తుంగభద్ర. అక్కడి పడవ గుండ్రంగా పెద్ద బుట్టలా ఉంటుంది. వెదురు బద్దలతో అల్లి, అడుగున ప్లాస్టిక్ పట్టా కప్పి తారు పూస్తారు. పూర్వం తోలు కప్పేవారు. తెలుగులో దీన్ని పుట్టి అంటాం. కృష్ణదేవరాయల కాలంలో విజయనగరానికి వచ్చిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్ కూడా ఈ బుట్ట పడవల గురించి రాశాడు. అంటే 500 ఏళ్ళ నాడూ జనం వీటిలోనే నది దాటేవారన్నమాట.

“మాకు తెడ్డు వేయడం వచ్చు తాతా” అన్నాం గొప్పగా. పుట్టి నడిపే తాత నవ్వి, ఒడ్డు పక్కన నిలకడ నీటిలో తెడ్డు మా చేతికిచ్చాడు. వళ్ళంలో వేసినట్లు పక్కన వేశాం. పుట్టి అంగుళం కూడా ముందుకు కదల్లేదు, ఉన్నచోటే గిరగిరా తిరిగింది! అమ్మ నవ్వింది. మాకు మాత్రం ఏడుపొచ్చింది. కొత్త బడిలోనూ మా పరిస్థితి అప్పుడు అలాగే ఉండేది మరి.

“పక్కన కాదు పిల్లలూ, ముందు వేయండి. నీళ్ళను మీవైపు లాక్కోండి” అన్నాడు తాత. ముందుకు వంగి, నీటిలో 8 అంకె వేసినట్లు తెడ్డు తిప్పాం. పుట్టి మెల్లగా కదిలింది.

ఎందుకిలా?

పొడవైన పడవకు పక్కల పొడవునా నీరు ఆనుకుని ఉంటుంది కనుక అది అంత సులువుగా తిరగదు. గుండ్రని దానికి ఆ అడ్డు లేదు. మరి పుట్టి ఎందుకు? తుంగభద్రలో బండలు ఎక్కువ, లోతు తక్కువ. లెక్క చూద్దాం. పుట్టి, మనుషులు కలిసి 300 కిలోలు అనుకుంటే అది 300 లీటర్ల నీటిని తొలగించాలి. పుట్టి వ్యాసం 2 మీటర్లు, అడుగు చదును అనుకుంటే వైశాల్యం సుమారు 3.14 చదరపు మీటర్లు. అప్పుడు అది నీటిలో మునిగేది సుమారు 10 సెంటీమీటర్లే! ఆ నదికి తగిన పడవను అక్కడివాళ్ళు ఎప్పుడో కనిపెట్టుకున్నారు.

నదిని ఎరిగినవారి మాట

ఇంకోసారి స్నేహితులను తీసుకుని వెళ్ళాం. “ఈరోజు పుట్టి వేయను. డ్యాం నుంచి నీళ్ళు వదులుతున్నారు” అన్నాడు తాత. నది మామూలుగానే కనిపించింది. ఒడ్డున బండ మీద కాసేపు అలిగి కూర్చుని, నాన్న పిలిస్తే పైకి వచ్చేశాం. గంట తిరిగేలోగా ఆ బండ మునిగిపోయింది. మాకు నోట మాట రాలేదు.

2019 సెప్టెంబరు 15న వరద గోదావరిలో కచ్చులూరు దగ్గర పర్యాటకుల పడవ మునిగి పదులమంది చనిపోయారు. అందుకే పడవెక్కే ముందు ఇవి గుర్తుంచుకుందాం:

1. ఈత వచ్చినా లైఫ్ జాకెట్ వేసుకోవాలి, పట్టీలన్నీ బిగించాలి.
2. పడవలో నిలబడకూడదు, అందరూ ఒకేవైపు వంగకూడదు.
3. వరద ఉన్నప్పుడు, డ్యాం నీళ్ళు వదిలినప్పుడు నదిలోకి దిగకూడదు.
4. పడవ నడిపేవారు వద్దంటే ఆగిపోవాలి.

చేసి చూడండి

బకెట్ నీటిలో గుండ్రని గిన్నె మూత వెల్లకిలా తేలేయండి. పక్కన పొడవైన సబ్బుపెట్టె తేలేయండి. రెండింటినీ అంచు దగ్గర వేలితో నెట్టండి. ఏది ఎక్కువ తిరుగుతుందో గమనించి నోటుపుస్తకంలో రాయండి.

మనలాంటి పిల్లలకు నదులు మారుతూనే ఉంటాయి. పాత ఊళ్ళో నేర్చుకున్నది వృథా కాదు, నీటిని నెట్టే సూత్రం ఎక్కడైనా ఒకటే. కానీ తెడ్డు ఎక్కడ వేయాలో కొత్త ఊరివాళ్ళనే అడగాలి. మేము బడిలోనూ అలా అడగడం మొదలుపెట్టాం. ఇప్పుడు కన్నడ పాఠం అర్థం కాకపోతే పక్క బల్ల అబ్బాయి చెబుతాడు. వచ్చే ఆదివారం అతనికి మేము పుట్టి నడపడం నేర్పుతాం, తాత సరేనంటేనే!