రాత్రి గృహభేదనం – సమష్టి బాధ్యత

తెలుగువారు 'కన్నం వేయడం' అనే దానికి సంస్కృతంలో 'సంధిచ్ఛేదం' అని పేరు. మృచ్ఛకటికం తృతీయాంకంలో శర్విలకుడు చారుదత్తుని ఇంటి గోడకు ఒంటరిగానే కన్నం వేస్తాడు. మనుస్మృతి నవమాధ్యాయం మాత్రం రాత్రివేళ సంధిని ఛేదించి దొంగిలించేవారిని బహువచనంలో పేర్కొని, వారికి హస్తచ్ఛేదమూ శూలారోపణమూ విధించింది. దొంగలకు నిప్పు, అన్నం, ఆయుధం, తావు ఇచ్చినవారిని సైతం దొంగలవలెనే దండించమన్నది. చేయి కలిపినవాని బాధ్యత ఎంతవరకన్న ప్రశ్న నేటిది కాదన్నమాట.

1860 నాటి భారత శిక్షాస్మృతి 460వ సెక్షన్ దీనికి కఠినమైన సమాధానమే ఇచ్చింది. ఆ స్మృతి స్థానంలో 2024 జూలై 1 నుండి భారతీయ న్యాయ సంహిత అమలులోనికి రాగా, అదే విధి అందులో 331వ సెక్షన్ 8వ ఉపసెక్షనుగా నిలిచింది. 'రాత్రి' అన్న మాటకు బదులు 'సూర్యాస్తమయం తరువాత, సూర్యోదయానికి ముందు' అని వ్రాసినారు. పాత స్మృతిలో రాత్రికి నిర్వచనమూ అదే కనుక అర్థభేదమేమీ లేదు.

ముగ్గురు కలిసి అర్ధరాత్రి ఒక ఇంటికి కన్నం వేసినారనుకొందాము. ఇద్దరు లోపలికి పోగా మూడవవాడు సందు మొగలో కాపలా కాచినాడు. మేల్కొన్న గృహస్థుని లోపలివాడొకడు పొడిచినాడు. పొడిచినవాడు హత్యానేరానికి వేరుగా జవాబు చెప్పుకోవలసినదే. మరి కాపలావాని మాటేమి? గృహభేదనంలో అతడు ఉమ్మడిగా పాల్గొన్నట్లు రుజువైతే, యావజ్జీవ కారాగారం గాని, పదేండ్ల వరకు ఖైదు గాని, దానితోపాటు జరిమానాయు తప్పవు. మరణం సంభవించకపోయినా సరే. తీవ్రగాయం చేసినా, చంపడానికి ప్రయత్నించినా శిక్ష ఇదే.

పాత స్మృతి 34వ సెక్షన్‌లోని ఉమ్మడి ఉద్దేశానికి, దీనికి గల తేడా ఇక్కడనే ఉన్నది. కలకత్తాలోని ఒక తపాలా కార్యాలయంలో జరిగిన హత్య విషయమై 1925లో ప్రీవీ కౌన్సిల్, బయట నిలిచినవాడు సైతం 34 ప్రకారం హంతకుడేనని తీర్పు చెప్పింది. అయితే దానికి ఉమ్మడి ఉద్దేశం రుజువు కావలెను. 460కి చంపవలెనన్న ఉద్దేశం కాపలావానికి ఉండనక్కరలేదు; దొంగతనంగా ఇల్లు చొరబడుటలో భాగస్వామ్యమే చాలును. ఆ కారణం చేతనే కాబోలు, ఇందులో మరణదండన లేదు. దోపిడీగాండ్రు ఐదుగురైతే సంగతి వేరు. అది బందిపోటు అవుతుంది. అందులో ఒకడు హత్య చేస్తే ప్రతివానికీ ఉరిశిక్ష పడవచ్చును.

ఇంత విశాలమైన విధిని హద్దులోనుంచేవి దానిలోని పదాలే. గాయం బుద్ధిపూర్వకంగా చేసినదై ఉండవలెను. పారిపోతూ తగిలి ఎవరైనా పడిపోతే చాలదు. అది గృహభేదనం జరుగుతున్న సమయంలోనే జరగవలెను. అన్నిటికంటె ముఖ్యం, పాల్గొన్నట్లు రుజువు. మరునాడు సొత్తుతో దొరికినవాడు దొంగ కావచ్చును, తెలిసి దొంగసొత్తు పుచ్చుకొన్నవాడు కావచ్చును. సాక్ష్యచట్టం రెండు ఊహలకూ తావిచ్చినది. రెండవవానికి పడేది మూడేండ్ల లోపు ఖైదు. మొదటివానికి యావజ్జీవం వరకు పడవచ్చును.