రేషన్ బియ్యం ఇంటికి వచ్చాక

తెలంగాణ రేషన్ షాపుల్లో 2025 ఏప్రిల్ నుంచి ఇస్తున్నవి సన్నబియ్యం. మనిషికి 6 కిలోలు, ఉచితంగా. నలుగురున్న ఇంటికి నెలకు 24 కిలోలు. అంతకుముందు దొడ్డుబియ్యం వచ్చేవి. వాటిని దోసెల పిండికి వాడుకునో, ఎవరికో తక్కువ ధరకు ఇచ్చేసో, వండుకోవడానికి మాత్రం కిరాణా షాపులో వేరే బియ్యం కొనుక్కునే ఇళ్లు చాలా ఉండేవి. ఇప్పుడు ఆ కొనుగోలు దాదాపు తప్పింది. సికింద్రాబాద్‌లోని బన్సీలాల్‌పేట్ లాంటి చోట ఒక కుటుంబానికి నెల ఖర్చులో ఇది చిన్న వెసులుబాటు కాదు.

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. బియ్యం మీద మిగిలిన ఆ డబ్బు ఎక్కడికి పోవాలో నెల మొదటి రోజే తేల్చుకోవాలి. తేల్చుకోకపోతే చిల్లరగా ఖర్చయిపోతుంది, ఎటు పోయిందో కూడా గుర్తుండదు. తేల్చుకుంటే పప్పుగా, గుడ్డుగా, ఆకుకూరగా పిల్లల కంచంలోకి వస్తుంది.

పాత మెట్లబావిని బాగుచేసి 2022 డిసెంబర్ 5న తెరిచాక బన్సీలాల్‌పేట్‌కు చూడటానికి వచ్చేవాళ్లు పెరిగారు. ఆ బావి చుట్టూ ఉన్న గల్లీల్లో ఉండేది గాంధీ ఆసుపత్రిలో, రాణిగంజ్ దుకాణాల్లో, మోండా మార్కెట్‌లో పనిచేసుకునేవాళ్లు, ఆటోలు నడిపేవాళ్లు, ఇళ్లలో పనికి వెళ్లే ఆడవాళ్లు. కొందరికి నెలజీతం, కొందరికి రోజుకూలీ. ఈ తేడాను లెక్కలోకి తీసుకోని వంటింటి ప్రణాళిక ఎంత బాగున్నా ఇక్కడ పనికిరాదు. కూలీ డబ్బు సాయంత్రం చేతికొస్తుంది, పప్పు పావుకిలో, నూనె చిన్న ప్యాకెట్టు కొంటారు. చిన్న పొట్లాల్లో కొంటే నెల తిరిగేసరికి అదే సరుకుకు ఎక్కువ కట్టినట్టవుతుంది. అందుకని రోజుకూలీ ఇళ్లకు నేను చెప్పే పద్ధతి వేరు: అన్నీ ఒకేసారి తేలేరు కాబట్టి వారానికి ఒక్క సరుకు మాత్రం నెలకు సరిపడా తెచ్చుకోండి. మొదటి వారం కందిపప్పు, రెండో వారం నూనె, మూడో వారం పెసలు, శనగలు, పల్లీలు, నాలుగో వారం పిండి. రెండు మూడు నెలలు ఇలా గడిస్తే ఇంట్లో ఎప్పుడూ ఏదో ఒకటి నిండుగా ఉంటుంది.

ఇక లెక్క. 24 కిలోల బియ్యాన్ని 30 రోజులకు పంచితే రోజుకు 800 గ్రాములు. మధ్యాహ్నానికి 400, రాత్రికి 400. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన ఆహార మార్గదర్శకాల్లో, రోజుకు 2000 కేలరీలు కావలసిన మనిషికి ధాన్యాలు సుమారు 250 గ్రాములు చాలన్నారు. పప్పులు, గుడ్లు, మాంసం కలిపి 85 గ్రాములు, కూరగాయలు, ఆకుకూరలు కలిపి 400 గ్రాములు, నూనె 27 గ్రాములు ఉండాలన్నారు. మన ఇళ్లలో ఈ లెక్క తలకిందులుగా ఉంటుంది. అన్నం కంచం నిండా, పప్పు గరిటెడు. అన్నం దండిగా పెట్టడమే బాగా పెట్టడం అనుకునే రోజులు మన పెద్దవాళ్లు చూశారు. 1983లో ఎన్టీ రామారావు ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం తెచ్చినప్పుడు ఆకలి తీరడమే ముఖ్యం. ఇప్పుడు బియ్యానికి కొదవ లేదు, పప్పుకు ఉంది.

కాబట్టి నలుగురికి నెల చీటీ ఇలా రాసుకోవచ్చు. జొన్నపిండి, గోధుమపిండి కలిపి 5 కిలోలు. వీటితో ధాన్యం మొత్తం 29 కిలోలు, మనిషికి రోజుకు 240 గ్రాములు దాటుతుంది. ఇంకా బియ్యం కొనాల్సిన పని లేదు. కందిపప్పు 3 కిలోలు, పెసరపప్పు 1, మినపప్పు 1, పెసలు, శనగలు, బొబ్బర్లు కలిపి 2. మొత్తం 7 కిలోలు. ఒక అట్ట గుడ్లు, అంటే 30. పల్లీలు కిలో. నూనె 3 లీటర్లకు మించి వద్దు. ఈ పప్పులూ గుడ్లూ కలిపి మనిషికి రోజుకు 70 గ్రాముల దాకా వస్తుంది. మార్గదర్శకాల్లోని 85కి ఇంకా తక్కువే, కానీ బడికి వెళ్లే పిల్లలున్న ఇంట్లో ఆ లోటు కొంత పూడుతుంది: ప్రభుత్వ బడిలో మధ్యాహ్న భోజనంలో వారానికి మూడు గుడ్లు ఇస్తారు. ఇంట్లో గర్భిణి గానీ బాలింత గానీ ఉంటే, 2015 జనవరి 1న మొదలైన ఆరోగ్యలక్ష్మి పథకం కింద అంగన్‌వాడీలో ఒక పూట భోజనం, గుడ్డు, పాలు ఆమె హక్కు. మొహమాటపడి వదులుకోవద్దు. అక్కడ తిన్నదాన్ని కూడా మన చీటీలో రాసుకోవాలి. బడి ఉన్న రోజుల్లో పిల్లల మధ్యాహ్నం బియ్యం మిగులుతాయి. అవే సెలవు రోజులకూ, ఇడ్లీ, దోసెలకూ.

సరుకు ఇంటికి రాగానే చేయాల్సిన పని ఒకటుంది, నా దృష్టిలో మొత్తం పద్ధతిలో ముఖ్యమైనది ఇదే. 3 కిలోల కందిపప్పును నాలుగు డబ్బాల్లో 750 గ్రాముల చొప్పున పంచి పెట్టండి. వారానికొక డబ్బా. ఇంట్లో ఉన్న ఒక స్టీలు గ్లాసు తీసుకెళ్లి, కిరాణా షాపులో 150 గ్రాముల పప్పు తూయించి అందులో పోయించుకుని, ఎంతవరకు వచ్చిందో అక్కడ మేకుతో గీత గీసుకోండి. ఆ గీతవరకు కొలిస్తే వారానికి ఐదు రోజులు కందిపప్పు. మిగిలిన రెండు రోజులు పెసరపప్పు, కిలోను నాలుగు భాగాలు చేస్తే వారానికి పావుకిలో. ఒకే డబ్బాలో ఉన్న పప్పు మొదటి వారం చిక్కగా, నాలుగో వారం నీళ్లుగా ఉడుకుతుంది. పంచి పెట్టిన పప్పు ముప్పయ్యో రోజు కూడా ఒకేలా ఉంటుంది. నూనె కూడా అంతే, వారం వారం చిన్న సీసాలోకి వంపుకుని వాడాలి.

కూరగాయలు మాత్రం నెలకు కొనేవి కావు. వారానికి రెండుసార్లు, అదీ సాయంత్రం. మోండా మార్కెట్‌లో పొద్దుగూకే వేళకు ఆకుకూరలమ్మే అవ్వ దగ్గర బేరం మనం చేయనక్కర్లేదు.

"పుంటికూర ఎట్లిస్తున్నవ్ అవ్వా?"

"పదికి రెండు కట్టలు. పొద్దువోయింది, మూడు తీస్కపో బిడ్డా."

తెల్లారితే ఆ కట్ట వాడిపోతుందని ఆమెకు తెలుసు. మనం చూడాల్సింది ఆకు కింద తడిసి కుళ్లిందా లేదా అని. వాడినది పర్వాలేదు, కుళ్లినది వద్దు. ఇంటికి తెచ్చాక కడగకుండా, వేర్లు కోసేసి, పొడిగుడ్డలో చుట్టిపెడితే రెండో రోజుకూ ఉంటుంది. కొంచెం దూరమైనా ఎర్రగడ్డ రైతుబజారుకు వెళ్లొచ్చే ఓపిక ఉన్న ఆడవాళ్లకు 2023 డిసెంబర్ 9 నుంచి బస్సు చార్జీ లేదు. ఇద్దరు ముగ్గురు ఇరుగుపొరుగు కలిసి వెళ్లి ఉల్లిగడ్డ, ఆలుగడ్డ, టమాట ఎక్కువగా తెచ్చి పంచుకోవచ్చు. 2023 జూలైలో టమాట కిలో 100 రూపాయలు దాటినప్పుడు ఆగమైంది టమాట లేకుండా కూర చేయడం మరిచిపోయిన ఇళ్లే. పులుపుకు మనకు చింతపండు ఉంది, పుంటికూర ఉంది, చుక్కకూర ఉంది, వానాకాలం మొదట్లో చింతచిగురు ఉంది. ధర పెరిగిన కూరగాయ వెంట పడకుండా ఆ వారం దాన్ని చీటీలోంచి కొట్టేయడం అలవాటు కావాలి.

ఇప్పుడు పొయ్యి దగ్గరికి వద్దాం. ఒక రోజు వంట పుంటికూర పప్పుతో చూద్దాం, ఎందుకంటే ఇందులో ఒక్క కుక్కర్‌తో రెండు పూటలు గడిచే ఉపాయం ఉంది.

గీతవరకు కొలిచిన కందిపప్పును కడిగి అరగంట నానబెట్టండి. నానిన పప్పు తొందరగా ఉడుకుతుంది, గ్యాస్ మిగులుతుంది. నానబెట్టిన నీళ్లు పారబోసి, కుక్కర్‌లో పప్పుకు నాలుగింతల నీళ్లు పోయండి, మామూలుకంటే ఎక్కువే. చిటికెడు పసుపు, నాలుగు చుక్కల నూనె. పుంటికూర ఇప్పుడే వేయకూడదు. పులుపు తగిలితే పప్పు మెత్తబడదు, విజిల్ మీద విజిల్ పోతూనే ఉంటుంది. చింతపండుకూ ఇదే సూత్రం. విజిల్ రాగానే మంట తగ్గించి, మూడు కూతలకు పొయ్యి ఆపేయండి. మూత మనం తీయకూడదు, ఆవిరి దానంతటది దిగాలి. ఆ పది నిమిషాల్లో మిగతా ఉడుకు అదే అవుతుంది.

మూత తీసి చూస్తే పప్పు కింద, పసుపుపచ్చని తేట పైన ఉంటుంది. ఆ తేటే కట్టు. గరిటెతో మెల్లగా రెండు గ్లాసులు వేరే గిన్నెలోకి తీసి మూతపెట్టండి, అది రాత్రి చారుకు. కింద ఉన్న పప్పును మెదపండి. ఈలోగా పక్క పొయ్యి మీద చెంచాడు నూనెలో ఉల్లిగడ్డ, పచ్చిమిర్చి వేయించి, రెండు కట్టల పుంటికూర ఆకు వేస్తే చూస్తుండగానే ఆకుపచ్చ రంగు పోయి ముద్దలా దగ్గరపడుతుంది. అది పప్పులో కలిపి, ఉప్పు, కారం వేసి ఐదు నిమిషాలు ఉడకనివ్వాలి. పోపుకు ఆవాలు, జీలకర్ర, ఎండుమిర్చి, కరివేపాకు, ఎల్లిపాయలు నాలుగైదు చితగ్గొట్టి వేయాలి. ఎల్లిపాయ ఎర్రబడేదాకా ఓపిక పట్టాలి. బీద వంటకైనా ధనిక వంటకైనా రుచి వచ్చేది ఇక్కడే, ఇక్కడ తొందరపడితే ముందు చేసిందంతా చప్పగా అయిపోతుంది.

రాత్రికి ఆ కట్టులో చింతపండు పులుసు, మిరియాలు, జీలకర్ర, ఎల్లిపాయ దంచిన పొడి వేసి ఒక్క పొంగు రానిస్తే కట్టుచారు. పక్కన తోటకూర కాడల వేపుడో, బీరపొట్టు పచ్చడో. బీరకాయ కూర చేసిన రోజు పొట్టు చెత్తలో వేయకండి. నువ్వులు, పచ్చిమిర్చితో వేయించి నూరితే మరో పూట గడుస్తుంది. ఎండాకాలం అయితే పచ్చిపులుసు చాలు, పోపుకు తప్ప పొయ్యి అక్కర్లేదు.

అన్నం గంజి వార్చకుండా ఎసరు కొలిచి వండాలి. వార్చితే బి విటమిన్లు గంజితో పోతాయి, బియ్యం నాలుగైదుసార్లు కడిగినా అంతే. మిగిలిన అన్నంలో రాత్రే నీళ్లు, కాస్త మజ్జిగ పోసి పెడితే పొద్దున సద్దన్నం. ఉల్లిగడ్డ, పచ్చిమిర్చి నంజుకుంటే పనికి వెళ్లే మనిషికి మధ్యాహ్నందాకా ఆగుతుంది. ఎండల్లో మాత్రం అన్నం చల్లారగానే నీళ్లు పోయాలి, వాసన తేడా వస్తే పారేయాలి. మందుల ఖర్చు ముందు గుప్పెడు అన్నం నష్టం కాదు.

వారంలో మిగతాది తొందరగానే తేలుతుంది. రెండు పొద్దులు జొన్నరొట్టె. జొన్నలు కొని గిర్నిలో పట్టించుకుంటే పిండి తాజాగా ఉంటుంది, పల్లికారం పక్కన ఉంటే కూర వెతుక్కోనక్కర్లేదు. ఒక పొద్దు పెసరట్టు, ఒక సాయంత్రం శనగ గుగ్గిళ్లు. గుడ్లు వారానికి ఏడు: ఒకరోజు తలా ఒకటి పులుసులో, మరోరోజు మూడు కొట్టి ఉల్లిగడ్డ, టమాటతో కలిపి కూర. మిల్‌మేకర్‌లో సగం బరువు మాంసకృత్తులే. వేడినీళ్లలో నానబెట్టి గట్టిగా పిండి మసాలాతో వండితే పిల్లలు ఇష్టంగా తింటారు. ఆదివారం అరకిలో చికెన్‌లో ఆలుగడ్డ వేస్తే నలుగురికి సరిపోతుంది. చేతిలో అంత లేని వారం కోడి కార్జం, కందనకాయలు అడగండి, ధర తక్కువ, కార్జంలో ఇనుము ఎక్కువ. మధ్యాహ్నం పని దగ్గరే ఉండిపోయే మగవాళ్లకు, నగరంలో 2014లో మొదలై ఇప్పుడు ఇందిరమ్మ క్యాంటీన్ల పేరుతో నడుస్తున్న 5 రూపాయల భోజనం ఉంది. దాన్ని వాడుకోవడంలో చిన్నతనం ఏమీ లేదు.

వడ్డన కూడా తయారీలో భాగమే అని నేను గట్టిగా నమ్ముతాను. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే-5 ప్రకారం తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 57.6 శాతం మందికి రక్తహీనత. వండిన మనిషి అందరూ తిన్నాక గిన్నె అడుగున మిగిలిన పప్పుతో, ముక్కలేని పులుసుతో సరిపెట్టుకునే ఇంట్లో పైన చెప్పిన లెక్కలన్నీ ముగ్గురికే పనిచేస్తాయి. పొయ్యి దించగానే పప్పును, కూరను, గుడ్లను నాలుగు వాటాలు చేసి, ఆమె వాటాను ముందే గిన్నెలో తీసి మూతపెట్టాలి. పిల్లలు అడిగినా అందులోంచి తీయకూడదు. ఆకుకూర తిన్న పూట అన్నంలోకి నిమ్మకాయ పిండుకుంటే ఇనుము ఒంటికి బాగా పడుతుంది. తిన్న వెంటనే టీ తాగితే అది తగ్గుతుంది, కనీసం గంట ఆగాలి.

నెల ఇరవై ఐదో తారీఖున నాలుగో డబ్బా మూత తీసి చూడండి. పప్పు నిండుగా మిగిలితే మధ్యలో ఎక్కడో వండటం మానేశారన్నమాట. ముందే అయిపోతే 150 గ్రాములు మీ ఇంటికి చాలడం లేదు. చాలకపోతే వచ్చే నెల చీటీలో కందిపప్పు మూడున్నర కిలోలని రాసి, ఆ అరకిలో డబ్బును నూనెలోంచో, బయట కొనే చిరుతిళ్లలోంచో తగ్గించండి. గుడ్ల అట్టలోంచి మాత్రం తగ్గించవద్దు.