మరక పోవాలి, విమానం మిగలాలి

ప్లాస్టిక్ ముక్కలు అతికించి విమానాలు, ఓడలు తయారుచేసే సరదా మీలో కొందరికి ఉండే ఉంటుంది. అతుకుల దగ్గర పొంగి గట్టిపడిన జిగురు వికారంగా కనిపిస్తుంది. దాన్ని తీయడం ఎలా?

ముందుగా నేను చేసిన తప్పు చెబుతాను. ఒకసారి సైన్సు ప్రదర్శనకు ఒక విద్యార్థి తాను చేసిన విమానం తెచ్చాడు. రెక్క మీద జిగురు మరక ఉంది. గోళ్లరంగు తుడిచే ద్రవంలో దూది ముంచి, దాంతో గట్టిగా రుద్దాను. మరక పోలేదు సరికదా, రెక్కే మెత్తబడి దూది పోగులు దానికి అంటుకుపోయాయి. ఆ పిల్లవాడి నెలరోజుల శ్రమ ఒక్క నిమిషంలో పాడయింది. ఎందుకిలా జరిగింది?

ఒక ప్రయోగం చేయండి. పెద్దవారిని పక్కన ఉంచుకోండి. కిటికీలు తెరవండి. దగ్గరలో దీపం గాని, పొయ్యి గాని ఉండకూడదు. గాజు గిన్నెలో చిన్న థర్మోకోల్ ముక్క ఉంచి, అసిటోన్ ఉన్న గోళ్లరంగు ద్రవం నాలుగు చుక్కలు వేయండి. ముక్క కుంగిపోయి, జిగటగా ముద్దవుతుంది. థర్మోకోల్‌లో అధికభాగం గాలి, మిగిలినది పోలీస్టైరీన్. నమూనా విమానాలను ఎక్కువగా ఈ ప్లాస్టిక్‌తోనే చేస్తారు.

పోలీస్టైరీన్ అణువులు పొడవాటి గొలుసులు. అసిటోన్ వాటి మధ్య దూరి వాటిని విడదీస్తుంది. నమూనాలు అతికించే ప్రత్యేక జిగురూ చేసే పని ఇటువంటిదే. అది రెండు అంచులనూ కొద్దిగా కరిగిస్తుంది. రెండువైపుల గొలుసులు కలిసిపోతాయి. తరువాత ద్రావణి ఆవిరైపోయి, రెండు ముక్కలూ ఒకటవుతాయి. అంటే అక్కడ గడ్డకట్టినది చాలావరకు ప్లాస్టిక్కే! దాన్ని కరిగించే ద్రవం విమానాన్నీ కరిగిస్తుంది. కాబట్టి దాన్ని అరగదీయడమే మార్గం. 400 నంబరు ఎమరీ కాగితాన్ని నీటితో తడిపి మెల్లగా రుద్దండి. తరువాత 600, ఆపైన 1000. తడిగా రుద్దితే పొడి ఎగిరి ఊపిరితిత్తుల్లోకి పోదు.

మిగతా జిగుర్ల సంగతి వేరు. తెల్ల జిగురైతే గోరువెచ్చని నీటిలో నానబెట్టండి; మెత్తబడి ఊడివస్తుంది. మరిగే నీరు మాత్రం వద్దు. పోలీస్టైరీన్ సుమారు 100 డిగ్రీల సెంటీగ్రేడు దగ్గర మెత్తబడి వంకరపోతుంది. టేపు, చీటీల బంకకు రెండు చుక్కల వంటనూనె రాసి, కొంతసేపు ఆగి, సబ్బునీటితో కడగండి. క్షణాల్లో అతికే జిగురు చలికి పెళుసవుతుంది. నమూనాను కొన్ని గంటలు ఫ్రీజరులో ఉంచి తీస్తే, ఆ పెచ్చు తరచు విరిగి ఊడుతుంది.

ఏ జిగురో తెలియకపోతే? నీటితో మొదలుపెట్టండి. ఏ ద్రవాన్నయినా ముందు కిట్‌లో మిగిలిన పనికిరాని ముక్క మీద పరీక్షించండి. ఆ రోజు నేను చేయని పని ఇదే!

పాడైన రెక్కను వారం రోజులు ముట్టుకోకుండా ఆరనిచ్చాం. గట్టిపడ్డాక ఆ పిల్లవాడే ఓపికగా అరగదీసి, మళ్లీ రంగు వేశాడు.

చివరగా ఒక ప్రశ్న. నారింజ తొక్కను థర్మోకోల్ మీద పిండి చూడండి. చుక్కలు పడిన చోట ఏమైంది? సహజమైన పదార్థం ప్లాస్టిక్‌కు హాని చేయదని అనవచ్చునా? ఆలోచించండి.